ఎడ్విన్ రత్నం అనే మనిషి లేడు

ఎనిమిదేళ్లుగా నేనొక మనిషిని మోస్తున్నాను. ఆయన పేరు ఎడ్విన్ రత్నం. మద్రాసులో ఉంటాడు. క్లారినెట్ వాయిస్తాడు. ఊపిరి తీసుకోకుండా నలభై సెకన్లు ఊదగలడు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆయనను నేనే పుట్టించాను. విశాఖపట్నం ద్వారకా నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండే నా స్టూడియోలో, ఒక మధ్యాహ్నం, క్యాసెట్ అట్ట మీద ఒక ఖాళీ పూరించడానికి పుట్టించాను. పుట్టించడానికి రెండు నిమిషాలు పట్టింది. అప్పటి నుంచీ దింపుకోలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోయి చాలాసార్లు మింగేశాను. మా ఆవిడకు ఒకసారి సగం దాకా చెప్పాను. "ఇంతేనా?" అంటుందేమోనని అక్కడే ఆపేశాను. బయటి నుంచి చూస్తే ఇంతే. ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. అసలు ఇది తప్పుల లెక్కలోకి వస్తుందా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను. తప్పు కాకపోతే నేను అన్యాయం చేసిన మనిషి వీధిలో ఎదురొస్తే నేనెందుకు పక్క సందులోకి తిరిగాను? ఒకసారి కాదు, మూడుసార్లు తిరిగాను.

నా పేరు రాయను. ధైర్యం లేదు. ఆయన పేరు మాత్రం రాస్తాను, ఎందుకంటే రాయవలసిన చోట రాయలేదు. దానియేలు మాస్టారు.

ఆయన పోర్టులో ఖలాసీగా చేరి మేస్త్రీ దాకా వచ్చిన మనిషి. చిన్నతనంలో వాళ్ల పేటలో పీటర్ మాస్టారు అని ఒక బ్యాండు మాస్టారు ఉండేవాడట. ఆయన దగ్గర క్లారినెట్ నేర్చుకున్నాడు. ఆ గురువు సినిమాలకు వాయించడానికి మద్రాసు వెళ్లిపోయి, తర్వాత ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. శిష్యుడు మాత్రం ముప్పై ఏళ్లు ఊదుతూనే ఉన్నాడు. పెళ్లి ఊరేగింపుల్లో, క్రిస్మస్‌కు, మంచి శుక్రవారం ఆరాధనలో. మంచి శుక్రవారం ఆయన ఊదితే వినడానికి వేరే చర్చీల వాళ్లు కూడా వచ్చి వెనక బల్లల మీద కూర్చునేవారు. తొంభైల చివర నుంచి నా స్టూడియోలో కూడా ఊదాడు.

మాది గోదావరి వైపు. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఇంజినీరింగు మధ్యలో వదిలేసి కీబోర్డు పట్టుకున్నాను, తర్వాత కంప్యూటర్ పట్టుకున్నాను. భక్తి పాటలు, ఎన్నికల పాటలు, బట్టల దుకాణాల ప్రకటనలు, ఏవైనా చేసేవాణ్ని. కింద కోచింగ్ సెంటర్‌లో రెండు వందల మంది పిల్లలు ఒకేసారి సూత్రాలు వల్లించేవారు. వాళ్లు భోజనాలకు వదిలే ఒంటిగంట నుంచి రెండింటి వరకే నేను మైకు తెరవాలి. ఆ గంటలో మాస్టారు చెమటలు కక్కుతూ ఊదేవాడు, ఎందుకంటే ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు కూడా రికార్డయిపోతుంది. ఒక్కరోజు కూడా ఫ్యాను గురించి అడగలేదు.

మరి నాకు ఆయన మీద కోపం ఎందుకు? ఉండేది. ఇప్పుడు దాచి లాభం లేదు.

ఒక పాట రికార్డింగు జరుగుతోంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాడే పాట. పాడే అమ్మాయి, పాట రాసినాయన, ఆయన తాలూకు వాళ్లు నలుగురైదుగురు గదిలో ఉన్నారు. చరణం పొడుగునా వెనకాల క్లారినెట్ ఉండాలన్నాను. మాస్టారు వాయిద్యాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇక్కడ ఊదకూడదు బాబూ. ఆ యమ్మ మాట సెప్తంది. మాట సెప్తన్నప్పుడు మజ్జిలో దూరిపోతే ఎలాగ?" అన్నాడు. అందరూ నవ్వారు. పాడే అమ్మాయి తల ఊపింది. ఆయన అన్నది నిజం. అందుకే నాకు మండింది. అబద్ధమైతే వాదించి గెలిచేవాణ్ని.

ఆ రోజు నవ్వుతూనే "అలాగే మాస్టారూ" అన్నాను. లోపల మాత్రం ఒక కోరిక మొలిచింది. నాకు ఆయన చప్పుడు కావాలి, ఆయన అక్కర్లేదు. ఎదురు చెప్పని దానియేలు కావాలి. షిఫ్టు మారిందని చెప్పనివాడు, ఊదే ముందు వాయిద్యాన్ని గుండెలకు ఆనించి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకోనివాడు, ఇది బాగుంది, ఇది బాగోలేదు అనకుండా ఊదమన్నది ఊదేవాడు.

అలాంటివాణ్ని తయారు చేసే సామాను అప్పుడే నా చేతికొచ్చింది. కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్. ఏ వాయిద్యాన్నయినా స్వరం స్వరం విడివిడిగా రికార్డు చేసి అందులో పెడితే, ఆ తర్వాత కీబోర్డు మీద మెట్టు నొక్కినప్పుడల్లా ఆ స్వరం పలుకుతుంది. ఇలాంటి వాటిని మేం టోన్లు అంటాం. బయట దొరికే క్లారినెట్ టోన్లు పిల్లలు ఊదే బూరల్లా ఉండేవి. మంచి టోను కావాలంటే మంచి వాయిద్యకారుడు కావాలి.

"కొత్త మైకు వచ్చింది మాస్టారూ, టెస్టు చేయాలి, ఒకసారి వస్తారా" అన్నాను. టెస్టు అన్న మాట నోట్లోంచి వస్తున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. తర్వాత బుద్ధి పుట్టి చేసిన పని కాదు. ముందే అనుకుని పిలిచాను.

రెండు మధ్యాహ్నాలు వచ్చాడు. కింది నుంచి పై దాకా ఒక్కో స్వరం. మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి. ఏ పాటకని అడిగాడు. పాట లేదన్నాను. పాట లేకపోయినా ప్రతి స్వరానికీ కళ్లు మూసుకున్నాడు. వాయిద్యం మూతికి ఉండే రీడు పుల్లను నోట్లో తడుపుకుని, ముక్కుతో నిండుగా ఊపిరి పీల్చి, పాటలో మొదటి స్వరం ఎలా ఊదుతాడో ప్రతి ఒక్కటీ అలాగే ఊదాడు. మధ్య మధ్యలో "సరిపోనాదా బాబూ, ఇంకోపాలి ఊదనా?" అని అడిగాడు. నేనడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చాడు.

ఆయన వెళ్లాక కత్తిరించడానికి కూర్చున్నాను. ప్రతి స్వరం ముందూ ఆయన ఊపిరి వినిపిస్తోంది. దాన్ని కోసేశాను. ప్రతి స్వరం చివరా గాలి తగ్గి చప్పుడు కొంచెం జారుతోంది. దాన్నీ కోసేశాను. నడిమి ముక్క తీసుకుని దాని తోకను దాని తలకే అతికించాను. అలా చేస్తే మెట్టు నొక్కి ఉంచినంతసేపూ స్వరం ఆగదు, గంట నొక్కితే గంట మోగుతుంది. పని పూర్తయ్యాక అసలు రికార్డింగులన్నీ చెరిపేశాను, ఎందుకంటే అప్పటి డిస్కుల్లో చోటు తక్కువ. "ఇంకోపాలి ఊదనా" అన్న మాటలు కూడా వాటితో పోయాయి.

ఒక్కటి చెప్పాలి. అడిగితే ఆయన ఇచ్చేవాడు. నాకా సంగతి అప్పుడూ తెలుసు. అడిగితే ఇచ్చేవాడి దగ్గర దొంగతనం ఎందుకు చేశాను? అడిగితే ఆయనకు రుణపడాలి. ఆ టోను పెట్టిన ప్రతి పాటకూ ఆయనకు ఒక మాట చెప్పాలి. మళ్లీ "ఇక్కడ ఊదకూడదు బాబూ" అంటాడు. నేను చప్పుడుతో పాటు ఆ మాటను కూడా కోసేయాలనుకున్నాను.

కొన్నాళ్లకు తగరపువలస నుంచి ఒక పాస్టరుగారు ఎనిమిది పాటలతో వచ్చారు. అందులో ఒక పాటకు, రెండో చరణం ముందు, నేను క్లారినెట్ బాణీ ఒకటి కట్టాను. కీబోర్డు మీద నేనే వాయించాను. నలభై సెకన్లు, ఒక్క చోటా తెగకుండా, అల మీద అల వచ్చినట్టు. వింటుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఊదేవాడికి ఊపిరి ఎక్కడ అన్న ఆలోచనే రాలేదు. ఎందుకు వస్తుంది? నేను వేళ్లతో వాయించాను. వేళ్లకు ఊపిరితో పనేముంది? క్లారినెట్ సంగతి ఓనమాలు తెలిసినవాడైనా చేయని పొరపాటు అది. నేను చేశాను, పైగా గర్వపడ్డాను.

పాట విని పాస్టరుగారి కళ్లు చెమర్చాయి. "ఈ క్లారినెట్ మన పోర్టు దానియేలు గారిదేనా?" అని అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "కాదండీ, కాదండీ" అని రెండుసార్లు అన్నాను. అవునంటే వచ్చే ఆదివారం మాస్టారి చెయ్యి పట్టుకుని అభినందిస్తారు. నేనెప్పుడు ఊదానయ్యా అని మాస్టారు అంటాడు. కంప్యూటర్ అని చెప్పేస్తే? పాస్టరుగారు ముందే చెప్పారు, దేవుని పాటలకు మెషీన్లు వద్దు, మనుషులే వాయించాలని. పైగా ఆయనకొక పట్టుదల, వాయించిన ప్రతివాడి పేరూ క్యాసెట్ అట్ట మీద వేయాల్సిందే, కంజిర కొట్టినవాడిదైనా సరే. "మరెవరు?" అన్నారు, చేతిలో పెన్ను పట్టుకుని.

"మద్రాసు ఆయనండి. ఎడ్విన్ రత్నం."

అంతే. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

క్యాసెట్ వచ్చిన నెలరోజులకు దానియేలు మాస్టారు స్టూడియోకు వచ్చాడు. డ్యూటీ బట్టలతోనే ఉన్నాడు. భోజనం డబ్బా సంచిలోంచి ఆ క్యాసెట్ తీశాడు. అట్ట మడతలు అప్పటికే నలిగిపోయాయి. ఆ రోజు మా మధ్య నడిచిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"బాబూ, ఈ ఎడ్విన్ గారు ఎవులు?"

"మద్రాసు ఆయనండి. పని మీద వచ్చారు, ఒక్కరోజే ఉన్నారు."

"ఊపిరెక్కడ తీసుకుంటన్నారు?"

నేను మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాను.

"రెండో సరణం ముందర. నాను గడియారం ఎట్టుకుని సూసేను. నలబై సెకన్లు. ఎక్కడా తెగట్నేదు. సన్నాయోళ్లయితే బుగ్గలో గాలి దాసుకుని ఊదుతారు, గానీ అప్పుడు సప్పుడు ఒణుకుతాది. ఈయనది ఒణకట్నేదు. మనిసేనా బాబూ?"

"మంచి సాధన మాస్టారూ ఆయనది."

ఆయన క్యాసెట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఒకటి సెప్పనా? నవ్వకు. ఆ సప్పుడు అచ్చం నాదిలాగే ఉంది. నాదిలాగే గానీ నాకన్నా బాగుంది. ఏటంటే, మా పీటర్ మాస్టారు మద్రాసు ఎల్లిపోయేరు కదా, ఈయన ఆయన శిష్యుడే అయ్యుంటాడు. ఆ సప్పుడు ఇంకెవులికీ రాదు. ఈయన్ని అడిగితే మా మాస్టారు ఉన్నారో నేదో తెలుస్తాది."

అప్పుడు చెప్పేయాల్సింది. ఆ క్షణమే. ఆయన తన గొంతును తానే గుర్తుపట్టాడు. ప్రపంచంలో ఇంకెవరూ పట్టలేనిది పట్టుకున్నాడు. నేను ఒక్క మాట అంటే చాలు, కోప్పడేవాడో, నవ్వేవాడో, రెండు తిట్లు తిట్టి టీ తాగి వెళ్లేవాడో. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎడ్విన్ గారి చిరునామా ఇమ్మన్నాడు. ఉత్తరం రాసి ఇవ్వండి, నేను పంపిస్తాను అన్నాను.

నాలుగు పేజీల ఉత్తరం తెచ్చిచ్చాడు. గీతల కాగితం మీద, బడిపిల్లాడిలా గుండ్రంగా రాశాడు. ఆయన వెళ్లిన వెంటనే విప్పి చదివాను. తన వయసులో సగం ఉండొచ్చో, రెట్టింపు ఉండొచ్చో తెలియని మనిషిని "అయ్యా" అని రాశాడు. పీటర్ మాస్టారు బతికి ఉన్నారా, ఉంటే తాను బయల్దేరి వచ్చి ఒకసారి కాళ్లకు దండం పెట్టుకుంటానని రాశాడు. తనను ఎప్పుడైనా తలుచుకున్నారా అని అడిగాడు. చివర్లో, సిగ్గుపడుతూ అడిగినట్టుగా, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో చెబితే మేలు మరిచిపోను అని ఉంది.

చదివి ఆ ఉత్తరం చించేశాను. ఊరుకుని ఉంటే సరిపోయేది. జవాబు రాలేదంటే నాలుగు రోజులు చూసి మరిచిపోయేవాడు. కానీ వారానికోసారి ఫోను చేసి, "ఆయన దగ్గర్నుంచి ఏటైనా వచ్చిందా బాబూ" అని అడుగుతుంటే నాకు మనసు నిలవలేదు. జాలి వేసింది. అది జాలేనా? ఆ ఫోను ఆగితే చాలనిపించింది. రెండూ కలిసే ఉన్నాయి. ఏది ఎంతో ఇప్పుడు విడదీయలేను.

జవాబు నేను రాశాను. నా రాత గుర్తుపడతాడని కింది వీధిలో డీటీపీ చేసే చోట టైపు చేయించాను. "దానియేలు గారికి వందనాలు. పీటర్ మాస్టారే నా గురువు. ఆయన నాలుగేళ్ల కిందట ప్రభువు దగ్గరకు వెళ్లారు. వైజాగులో దానియేలు అని నాకొక శిష్యుడు ఉండేవాడు, వాడి చెవి మంచిది అని తరచు తలుచుకునేవారు. ఊపిరికి రహస్యం ఏమీ లేదు. గురువుగారు చెప్పినట్టు రోజూ సాధన చేస్తే దానంతటదే వస్తుంది." కింద ఎడ్విన్ రత్నం అని ఎడమచేత్తో సంతకం పెట్టాను. స్టూడియో క్యాసెట్ల పార్శిల్‌తో కలిసి వచ్చిందని చెప్పి చేతికిచ్చాను.

లేనివాణ్ని పుట్టించిన చేత్తోనే ఉన్నాడో లేడో తెలియని ఒకాయన్ని చంపేశాను. రాసేటప్పుడు ఇదంతా తోచలేదు. అందంగా కుదిరిందనుకున్నాను. మాస్టారు సంతోషిస్తాడనుకున్నాను. సంతోషించాడు కూడా. గురువు తనను తలుచుకున్నాడన్న ముక్కకు అక్కడే గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. ఆ ఆదివారం ఇంట్లో పీటర్ మాస్టారి కోసం ఆదరణ కూడిక, అంటే పోయినవారి పేర చేసే ప్రార్థన, పెట్టుకున్నాడు. పేటలో ముప్పై మందిని పిలిచాడు. నన్నూ పిలిచాడు. రికార్డింగు ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు రికార్డింగేమీ లేదు.

ఆ తర్వాత ఆయన నుంచి ఫోను లేదు. ఆరేడు నెలలు గడిచాయి. ఒక పాటకు నిజంగానే మనిషి ఊదితే బాగుంటుందనిపించి ఆయన ఇంటికి వెళ్లాను. అవును, అంత చేసినవాణ్ని మళ్లీ అవసరానికి వెళ్లాను. ఆయన డ్యూటీలో ఉన్నాడు. భార్య మరియమ్మ గారు బియ్యం ఏరుతూ చెప్పుకొచ్చింది.

"ఇంకెక్కడి కిలారినెట్టు బాబూ. ఆ ఉత్తరం వచ్చిన కాణ్నించి మనిసి మనిసి కాదు. తెల్లారకుండానే ఆర్బరుకి ఎల్లిపోయీవోడు. అక్కడైతే బోట్ల సప్పుడు, ఏలంపాటల గోల, ఎవులికీ ఇబ్బంది ఉండదని. రాళ్ల మీద కూకుని, గడియారం ఎదురుగా ఎట్టుకుని ఊదీవోడు. ఇరవై ఏడు దాటనేదు. ఒకరోజు కళ్లు తిరిగి రాళ్ల మీద పడిపోనాడు. వలలు కట్టుకునేవోళ్లు మోసుకొచ్చేరు. నుదుటి మీద నాలుగు కుట్లు."

"ఇప్పుడు బాగున్నారా అండీ?"

"బాగానే ఉన్నాడు. వాయిద్యం సర్చి గుళ్లో ఇచ్చీసేడు. గురువు ఆ ఎడ్విన్ గారికి సెప్పేడు, నాకు సెప్పనేదు, నాలో నేదని తెలిసే సెప్పనేదు అంటాడు. ముప్పై ఏళ్లు నాను ఊదింది ఏటీ కాదు మరియమ్మా అంటాడు. నువ్వైనా ఒక మాట సెప్పు బాబూ."

 ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఒక్క ఊపిరిలో, ఒక్క వణుకూ లేకుండా నలభై సెకన్లు అలా ఎవరూ ఊదలేరు. అదొక అతుకు. ఒక్క సెకను ముక్కను దాని తోకకే కట్టి తిప్పిన అతుకు. ఆ అతుకుతో పోటీపడి యాభై అయిదేళ్ల మనిషి తెల్లవారుజామున రాళ్ల మీద పడ్డాడు. ఓడిపోయింది తన చేతిలోనే. ఆ మాట ఒక్కటి తెలిస్తే లేచి నిలబడేవాడు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నోరు తెరవలేదు. ఎందుకని? పరువు పోతుందని, పాస్టరుగారికి తెలుస్తుందని, స్టూడియోకు ఎవరూ రారని. ఇవన్నీ నిజాలే. కానీ అసలు కారణం వీటన్నిటికంటే చిన్నది. ఆయన ముఖం మారుతుంటే చూడటం నాకు ఇష్టం లేదు. అంత అల్పమైన కారణంతో ఒక మనిషి పాటను ఆర్పేశాను.

ఆ ఏడాది మంచి శుక్రవారం ఆయన చర్చిలో క్లారినెట్ లేదు. నేను వెళ్లలేదు, విన్నాను. మాస్టారు మూడో బల్ల మీద ఒట్టి చేతులతో కూర్చున్నాడట.

ఆయన చప్పుడు మాత్రం తిరుగుతూనే ఉంది. విజయవాడ, హైదరాబాదు స్టూడియోల్లో ఉన్న స్నేహితులు అడిగితే ఆ టోనును సీడీల్లో ఎక్కించి ఇచ్చాను. చాలా బాగుంది, ఎలా చేశావు బావా అనేవారు. నవ్వేవాణ్ని. ఇప్పుడు కేబుల్ టీవీలో ప్రకటనలు వస్తుంటే హఠాత్తుగా దానియేలు మాస్టారు పలుకుతాడు. ఏ స్వరం ఏ మధ్యాహ్నం ఊదాడో నాకు తెలుసు. లేచి టీవీ కట్టేస్తాను. ఎందుకు కట్టేశారని మా ఆవిడ అడుగుతుంది. తలనొప్పి అంటాను.

ఇలా ఎనిమిదేళ్లు. మొన్న వేసవిలో తగరపువలస పాస్టరుగారు మళ్లీ వచ్చారు. పాత పాటలను సీడీగా తేవాలట. అట్ట రంగుల్లో వేయాలట. "పేర్లు అవే వేయించండి, ఒక్కటి కూడా పోకూడదు" అని పాత క్యాసెట్ అట్ట నా బల్ల మీద పెట్టి వెళ్లారు. టైపు చేయడానికి కూర్చున్నాను. పాడినవారు, తబలా, వయొలిన్. క్లారినెట్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. మొదటిసారి భయంతో అన్నాను అనుకోవచ్చు. రెండోసారి నా చేత్తోనే రాస్తే ఏమనుకోవాలి?

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాపు, చిన్న కీబోర్డు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. రిటైరైపోయాడు. నుదుటి మీద కుట్ల మచ్చ అలాగే ఉంది. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. కూర్చోక ముందే మొదలుపెట్టాను, కూర్చుంటే చెప్పలేనని. మైకు టెస్టు సంగతి చెప్పాను. కత్తిరించడం, అతికించడం చెప్పాను. ఎడ్విన్ లేడని చెప్పాను. ఉత్తరం నేనే రాశానని చెప్పి, నమ్మకం కలగాలని ఆ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాను.

ఆయన పకపకా నవ్వాడు. "ఆ ఉత్తరం ఈ పేటలో రానిదెవులికి బాబూ? కోళ్లక్కూడా వచ్చు" అన్నాడు. బైబిలు తెరిచి చూపించాడు. ప్లాస్టిక్ కాగితంలో పెట్టి దాచుకున్నాడు.

కీబోర్డు తీసి మెట్లు నొక్కాను. "ఇది మీ చప్పుడే మాస్టారూ, వినండి" అన్నాను. కళ్లు మూసుకుని విన్నాడు. "ఎడ్విన్ గారిదే" అన్నాడు. "కాదండీ, మీరు రెండు మధ్యాహ్నాలు ఊదారు, గుర్తుందా?" అన్నాను. "గురుతున్నాది. నాను ఊదింది ముక్కలు బాబూ. పాట కాదు. పాట ఊదినోడొకడు ఉండాల కదా?" అన్నాడు. రుజువుకు అసలు రికార్డింగు లేదు. ఆయన రాసిన ఉత్తరం చించేశాను. నేను రాసిన ఉత్తరంలో నా చేతిరాత కూడా లేదు. నా అబద్ధానికి నేనే అన్ని వైపులా తలుపులు బిగించాను. నా మాట ఒక్కటే మిగిలింది, దానికి విలువ లేకుండా చేసుకున్నదీ నేనే.

అప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ముసిలోడు దిగులుపడిపోనాడని ఎవులో సెప్పుంటారు నీకు. మరియమ్మే అయ్యుంటాది. నా మనసు సంతోసపెట్టాలని ఇంత దూరం వచ్చి ఇంత కత అల్లేవు. మంచోడివి బాబూ నువ్వు."

నేను ఏడ్చాను. అది కూడా మంచితనమే అనుకున్నాడు. సీడీ మీద ఎడ్విన్ పేరు తీసేసి మీ పేరు వేస్తాను, అదొక్కటీ ఒప్పుకోండి అని బతిమాలాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఎనిమిదేళ్లుగా నేను భయపడిన ముఖం అప్పుడు చూశాను, వేరే ఎవరి కోసమో.

"అలాంటి పని సెయ్యకు. ఆ మనిసి కష్టపడి ఊదేడు. ఊదినోడి పేరు తీసీడం మహా పాపం. మా గురువుగారి శిష్యుడాయన. నా పేరు ఎట్టేవంటే నాను పాస్టరుగారికి సెప్పీసి తీయించీస్తాను."

వెళ్లే ముందు ప్రార్థన చేసుకుందామన్నాడు. మరియమ్మ గారు కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఆయన కళ్లు మూసుకుని నా పేరు చెప్పి, ఈ బిడ్డకు ఇంత జాలిగుండె ఇచ్చినందుకు ప్రభువుకు స్తోత్రం చేశాడు. ఎడ్విన్ గారికి ఆయుష్షు ఇమ్మన్నాడు. ఇద్దరూ నా కోసం ఆగారు. ఆమెన్ అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. ఇన్నేళ్లలో నేనాడిన అబద్ధాలన్నిటిలోకీ నీచమైనది ఆ ఒక్క మాటే అనిపిస్తుంది.

సీడీ వచ్చింది. ఎడ్విన్ రత్నం పేరు రంగుల్లో అచ్చయింది. మాస్టారికి ఒకటి పంపించాను.

ఇక నన్ను క్షమించమని ఎవరినీ అడగలేను. అడగవలసిన మనిషి నన్ను దీవించి పంపేశాడు. ఆయన నమ్మలేదు కనుక మీకు చెబుతున్నాను. మీరు నమ్మండి. ఆ పాటలో, రెండో చరణం ముందు, ఆ క్లారినెట్ దానియేలు మాస్టారిది. అందులో ప్రతి స్వరం ఆయన ఊపిరి. ఆయనకు తెలియకుండా తీసుకున్నది నేను.

రాసేశాను. సిగ్గు అలాగే ఉంది. మోయడం మాత్రం ఈ పూటకు కొంచెం తేలికగా ఉంది.